సున్నం దాచిన బీట

నవంబరు నెల వచ్చిందంటే మన ఇండ్లలో సున్నాల పని మొదలవుతుంది. క్రిస్మస్‌కు ఇల్లు తెల్లగా ఉండాలి, తలుపులకు రంగు పడాలి, ఇంటి మీద నక్షత్రం వెలగాలి. తెనాలి చుట్టుప్రక్కల గ్రామాలలోనైనా, బాపట్ల ఇసుక పల్లెలలోనైనా, రేపల్లె దిగువ ఊళ్ళలోనైనా ఇది తాతల నాటి వాడుక. ఆ పనిలోనే గోడల మీది బీటలు కూడా పూడిపోతాయి. కాస్త సిమెంటు కలిపి, వ్రేలితో అదిమి, పైన రెండు పూతలు సున్నం వేస్తే పండుగకు వచ్చిన అల్లుడి కంటికి కూడా ఆనదు. మే నెల వచ్చేసరికి అదే చోట, అదే వంకరతో, అదే బీట మళ్ళీ కనిపిస్తుంది. కొన్ని ఇండ్లలో ఈ తంతు ఇరవై ముప్పై ఏండ్లుగా సాగుతున్నది.

సిమెంటు మంచిది కాదనో, మేస్త్రి పనివాడు కాడనో మనం అనుకొంటాము. అసలు సంగతి వేరు. డిసెంబరులో మన నేల తడిగా ఉంటుంది. ఆశ్వయుజ కార్తీకాల వానలు కురిసి, కాలువలు పారుతూ, చేలల్లో నీరు నిలిచి నేల ఉబ్బి ఉంటుంది. ఉబ్బిన నేల మీద చాలా బీటలు తమంతట తామే దగ్గరపడతాయి. సరిగ్గా మూసుకొని ఉన్న వేళ చూచి మనం పూత పూస్తున్నాము. వేసవిలో కాలువలు కట్టేస్తారు, మినుము పెసర తీసేస్తారు, చేలు నెర్రెలిస్తాయి. అప్పుడు గోడ కూడా నోరు తెరుస్తుంది.

యెహెజ్కేలు గ్రంథం 13వ అధ్యాయంలో బలహీనమైన గోడకు గచ్చుపూత పూసేవారి మాట ఉన్నది. ప్రవక్త అక్కడ మాట్లాడింది అబద్ధ ప్రవక్తలను గూర్చి. అయినా ఆ పోలిక తీసికొన్నవాడికి గోడల పని బాగా తెలుసునని చదివిన ప్రతి తాపీమేస్త్రి ఒప్పుకొంటాడు.

ఉబ్బే నేల, కుంగే నేల

కృష్ణా పశ్చిమ డెల్టాలో అధిక భాగం నల్లరేగడి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ నేల మనకు అన్నం పెట్టింది. నీటిని పట్టి ఉంచే గుణమే వరికి దాని గొప్పతనం. ఇంటికి ఆ గుణమే చిక్కు. నల్లరేగడిలోని సన్నని బంకమట్టి రేణువులు నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుపోతాయి. ఈ ఉబ్బడం, ముడుచుకోవడం పైన అడుగు రెండడుగులతో ఆగదు. నల్లరేగడి నేలల్లో సాధారణంగా మూడున్నర మీటర్ల లోతు వరకు, అంటే పదకొండు పన్నెండు అడుగుల దాకా, ఋతువుతో పాటు నేల కదలవచ్చునని ఇంజనీర్లు లెక్క కడతారు. నీటిమట్టం పైకి ఉన్న చోట అంత లోతుకు పోకపోవచ్చు.

ఇల్లంతా ఒకేసారి లేచి ఒకేసారి దిగితే బాధ లేదు. పడవ కూడా అలలమీద అలాగే లేచి దిగుతుంది. ఇల్లు నడుమ భాగం కింద మాత్రం ఎండ తగలక ఏడాది పొడుగునా నేల చెమ్మగానే ఉంటుంది. చుట్టూ ఉన్న గోడల క్రింద నేల వేసవిలో ఎండుతుంది, వానలకు నానుతుంది. కనుక బయటి గోడలు కదులుతాయి, లోపలి గోడలు నిలుస్తాయి. ఆ తేడానే బీట. కొన్ని ఇండ్లలో ఇది తిరగబడి వానాకాలంలో తెరుచుకొని ఎండాకాలంలో మూసుకొంటుంది. అందుచేత మన ఇంటి బీట ఏ నెలలో పెరుగుతున్నదో చూచుకోవడం మొదటి పని.

ఒక ఇంటికి మూడు పునాదులు

మన పల్లెలలో ఇల్లు ఒక్కసారిగా కట్టబడదు. అది పెరుగుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత తీరమండలాలలో ప్రభుత్వం, సేవాసంస్థలు ఎన్నో చిన్న పక్కా ఇండ్లు కట్టించాయి. ఒక గది, ముందు కొద్దిపాటి వసారా. పిల్లలు పెరిగారు, వసారా మూసి గది చేశారు. పెద్దకొడుకు పెండ్లికి ప్రక్కన ఇంకో గది లేచింది. కోడలు వచ్చాక వెనుక వంటిల్లు, దానికి ఆనుకొని స్నానాలగది, మరుగుదొడ్డి. గల్ఫుకు పోయిన కొడుకు డబ్బు పంపితే పైన మేడ. తెనాలి వైపు పాత పెంకుటిండ్ల కథ కూడా ఇంతే, కాకపోతే మొదటి ఇల్లు ఇంకా పాతది, సున్నంతోనో మట్టితోనో కట్టిన లావాటి ఇటుక గోడలది.

బయటనుండి చూస్తే ఒకే ఇల్లు. నేలలో మాత్రం మూడు ఇండ్లు. మొదటి ఇంటి పునాది మూడు నాలుగడుగుల లోతున ఉండి, నలభై ఏండ్లలో దిగవలసినంత దిగి కుదురుకొన్నది. ప్రక్క గదికి రెండడుగుల పునాది. వసారాకైతే అడుగున్నర త్రవ్వి ఇటుక పెట్టేశారు, వసారాయే గదా అని. కొత్తగా కట్టిన భాగం తన బరువుకు తాను కొంత దిగక తప్పదు. పాతది ఇక దిగదు. ఆ రెంటినీ గట్టిగా కలపాలని పాతగోడలో అక్కడక్కడ ఇటుకలు ఊడదీసి, కొత్త గోడ ఇటుకలను అందులో దూర్చి కడతారు. మేస్త్రి దాన్ని గట్టిపని అనుకొంటాడు. కాని దిగుతున్నది ఒకటి, దిగనిది ఒకటి. నడుమ కట్టు తెగుతుంది. సాధారణంగా గది బయటి కొస ఎక్కువ కుంగుతుంది కనుక కలిసిన చోట నిలువు బీట పడి, క్రింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. మీ ఇంట్లో అటువంటిది ఉంటే కారణం వెతకనక్కరలేదు.

మన మందిరాలలో కూడా ఇది చూడవచ్చు. ఆరాధన జరిగే హాలు తేలిక, దాని ముందు లేపిన గంటగోపురం బరువు. రెంటికీ ఒకే లోతు పునాది వేసి గోడలు కలిపి కడితే గోపురం ఎక్కువగా దిగి, కలిసిన చోట బీట ఇస్తుంది. ముందు వసారా పెంచిన మందిరాలలోనూ అంతే.

ఇంకొక ముఖ్యమైన సంగతి. కొత్త గదికి పునాది త్రవ్వేటప్పుడు పాతగోడను ఆనుకొని, పాత పునాది కంటె లోతుగా, గోడ పొడుగునా ఒక్కసారి కందకం తీయడం చాలా ప్రమాదం. పాత గోడ అడుగున పట్టున్న మట్టి జారిపోతుంది. అట్లా త్రవ్వి రాత్రికి వదలివేస్తే, ఆ రాత్రి వాన పడితే, గోడ పడుకొన్నవారి మీదికే వస్తుంది. త్రవ్వక తప్పకపోతే మూడు నాలుగడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి త్రవ్వి, త్రవ్వినది కట్టి గట్టిపడనిచ్చాకనే ప్రక్క ముక్క ముట్టుకోవాలి.

మేడ బరువు ఎంత?

పైన కట్టుకోవాలన్న ఆశ సహజమే. స్థలం కొనలేము, పైన ఆకాశం ఖాళీగా ఉన్నది. కాని లెక్క చూడండి. పది అడుగులు, పన్నెండు అడుగుల గదికి అయిదు అంగుళాల శ్లాబు వేస్తే దాని బరువే దాదాపు మూడున్నర టన్నులు. అదే గది మీద ఇంతకుముందున్న పెంకులు, దూలాలు, వాసాలు అన్నీ కలిపి టన్నుకు లోపే ఉండవచ్చు. పైన తొమ్మిది అంగుళాల ఇటుకగోడ పది అడుగుల ఎత్తు లేపితే, గోడ పొడవులో ప్రతి అడుగుకు ఇంచుమించు నాలుగు వందల కిలోలు. ఇదంతా మట్టితో కట్టిన పాతగోడ మీద, మూడడుగుల పునాది మీద పెడుతున్నాము. బురుజు కట్టేముందు కూర్చుండి లెక్క చూచుకొనే మనుష్యుని గూర్చి లూకా 14లో ప్రభువు చెప్పిన మాట రూపాయల లెక్కకే మనం వాడుతున్నాము. టన్నుల లెక్కకు కూడా అది పనికివస్తుంది.

పిల్లర్లు వేసి మేడ కట్టినా, సగం బరువు పిల్లర్ల మీద, సగం పాతగోడ మీద ఆనిస్తే మళ్ళీ పాత కథే. పిల్లర్లు వేస్తే మొత్తం మేడను పిల్లర్లే మోయాలి. వాటి పునాది నేలను బట్టి వేయాలి. నల్లరేగడికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఒక పద్ధతి ఉన్నది. కదలని లోతు దాకా సన్నని గుంటలు బోరులాగా త్రవ్వి, అడుగున ఉల్లిగడ్డ ఆకారంలో వెడల్పు చేసి, చువ్వలు దించి కాంక్రీటు పోస్తారు. అండర్ రీమ్డ్ పైల్స్ అంటారు. పై నేల ఎంత ఉబ్బినా అడుగున ఆ గడ్డ పట్టి ఉంచుతుంది. ఖర్చు అవుతుంది, నిజమే. మేడ కడుతూ పునాది దగ్గర పొదుపు చేసే అలవాటు ఈ వ్యాసకర్తకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

బాపట్ల ఇసుక, రేపల్లె ఉప్పు

బాపట్ల నుండి సూర్యలంక వైపు పోతే నేల మారుతుంది. ఇసుక ఉబ్బదు, ముడుచుకోదు. దానితో వేరే కష్టం. నీరు పారితే జారిపోతుంది. డాబా మీది వాన గొట్టం గోడ ప్రక్కనే పడుతుంటే, స్నానాలగది నీరు గోడ మొదట్లో ఇంకుతుంటే, కొద్దికొద్దిగా ఇసుక కొట్టుకుపోయి పునాది క్రింద బోలు పడుతుంది. పైకి ఏమీ కనిపించదు, ఒకనాడు గోడ మూల కుంగుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరనే తీరం దాటింది. అటువంటి వానలకు తరువాత ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడటం అవసరం.

ఇసుకమీద ఇల్లు కట్టినవాని ఉపమానం చెప్పినప్పుడల్లా బాపట్ల వైపు విశ్వాసులు నవ్వుకొంటారు, మాకు బండ ఎక్కడిదని. డెల్టాలో చేతికందే లోతున బండ ఎవరికీ లేదు. అయితే మత్తయి చెప్పని ఒక మాట లూకా 6లో ఉన్నది: ఆ మనుష్యుడు లోతుగా త్రవ్వెను. బండ దొరకని చోట కూడా లోతు మన చేతిలోని పనియే.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో, రేపల్లె నిజాంపట్నం వైపు ఉప్పునేలల్లో, ఇనుము సంగతి కూడా చూడాలి. ఉప్పునీటితో, సముద్రపు ఇసుకతో కాంక్రీటు కలిపితే లోపలి చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలినుండి చీలుస్తుంది. శ్లాబు అడుగున, బీము పొడుగునా, చువ్వ ఉన్న దారిలోనే తిన్నగా బీట, దాని వెంట గోధుమరంగు మరక కనిపిస్తే అది పూతతో పోయే జబ్బు కాదు. ఆ క్రింద మంచం వేయవద్దు.

రేపల్లె, కొల్లూరు, భట్టిప్రోలు వైపు కృష్ణ ప్రక్క ఊళ్ళకు వరద అనుభవం కొత్త కాదు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు లంక గ్రామాలు మునిగాయి. వరద తీసిన వెంటనే ఇల్లు బాగానే కనబడవచ్చు. మట్టితో కట్టిన గోడ లోపల మెత్తబడి ఉంటుంది, నేల ఎండుతున్న కొద్దీ వారాల తరువాత బీటలు బయటపడతాయి. గోడ ఆరకుండా పూత పూస్తే లోపలి చెమ్మ లోపలనే ఉండిపోతుంది.

యాజకుడు ఇల్లు చూచిన పద్ధతి

లేవీయకాండము 14వ అధ్యాయంలో ఇంటికి పట్టిన పొడను గూర్చి ఉన్నది. చాలామంది దానిని త్వరగా చదివి దాటిపోతారు. అక్కడ చెప్పింది గోడకు పట్టే బూజు వంటిదే గాని బీట కాదు. అయినా అక్కడి క్రమం చూడండి. ఇంటివాడు తానే వచ్చి చెప్పాలి. యాజకుడు లోపలికి రాకముందే సామాను బయట పెట్టాలి. మరక గోడకంటె పల్లముగా ఉన్నదా అని అతడు చూస్తాడు. వెంటనే ఏమీ చేయడు, ఏడు దినములు మూసి ఉంచి మళ్ళీ వచ్చి చూస్తాడు. వ్యాపిస్తే ఆ రాళ్ళు తీసి వేరే రాళ్ళు పెట్టి, వేరే అడుసు పూస్తారు. మళ్ళీ వస్తే ఇల్లు పడగొడతారు. చూడటం, ఆగటం, మళ్ళీ చూడటం, ఆ తరువాతనే చేయి పెట్టడం.

మన నేలకు ఏడు దినములు చాలవు. ఒక వేసవి, ఒక వానాకాలం గడవాలి. పెన్సిలుతో బీట రెండు కొసల దగ్గర గీత గీసి తేదీ వేయండి. బీటకు అటొకటి ఇటొకటి చిన్న మేకులు కొట్టి మధ్య దూరం స్కేలుతో కొలిచి పుస్తకంలో వ్రాయండి. ప్రతి నెల మొదటి ఆదివారం కొలిస్తే మరచిపోరు. పూత గీకి ఇటుక మీద బీటకు అడ్డంగా సన్నని గాజుపలక ముక్కను రెండువైపులా సిమెంటుతో అంటించడం పాత ఇంజనీర్ల పద్ధతి. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఏడాదిలో గాజు పగలకపోతే, కొలత మారకపోతే, అది పాత గాయం, నిశ్చింతగా పూడ్చవచ్చు.

పూతమీద సాలెగూడులాగా అల్లుకొన్న సన్నని గీతలు పూత ఆరినప్పుడు పడ్డవే, వాటికి బెంగ వద్దు. డాబా శ్లాబు క్రింద, గోడ పైకొసన అడ్డంగా పోయే బీట ఎండకు శ్లాబు సాగి ముడుచుకోవడంవల్ల వస్తుంది. డాబా మీద తెల్లసున్నం వేసి వేడి తగ్గిస్తే కొంత మేలు. కిటికీ మూలనుండి ఐమూలగా, మెట్లు మెట్లుగా ఇటుకల నడుమ దిగే బీట పునాది మాట చెప్తున్నది. వెడల్పు కూడా చూడాలి: ఒక మిల్లీమీటరు లోపు సన్నది, రెండు మిల్లీమీటర్లు దాటితే పెద్దది. రూపాయి బిళ్ళ అంచు దూరిందంటే సన్నది కాదని తెలుసుకోండి.

కొన్ని గుర్తులకు ఏడాది ఆగరాదు. బీట గోడ అవతలికి కనబడుతుంటే, మొన్నటిదాకా పడిన తలుపు ఇవాళ పట్టేస్తుంటే, దూలం కొస గోడలోనుండి జారుతుంటే, గోడ కడుపు వచ్చి మట్టపుగుండు వేసినప్పుడు తేడా తెలుస్తుంటే, ఆ గదిలో పిల్లలను, ముసలివారిని పండబెట్టవద్దు. శ్లాబుకు, దూలానికి సరుగుడు కర్రలు గాని జాకీలు గాని ఆసరా పెట్టించి ఇంజనీరును పిలవండి. ప్రార్థన కూటము ప్రక్క ఇంట్లో పెట్టుకోవచ్చు.

ముందు నీరు, తరువాత సిమెంటు

మరమ్మతు అనగానే సిమెంటు బస్తా గుర్తుకు వస్తుంది. దానికి ముందు పార పట్టాలి. వాన గొట్టాలు, గాబు నీరు, వంటింటి నీరు గోడకు దూరంగా పోయేట్టు కాలువ తీయండి. మరుగుదొడ్డి గొయ్యి గోడ ప్రక్కనే ఉంటే దాని నీరు ఎక్కడికి పోతున్నదో చూడండి. ఇంటి చుట్టూ బయటికి వాలుగా గచ్చు పోయించండి, మూడడుగులు కనీసం, నల్లరేగడిలో అయిదారు అడుగులుంటే మంచిది. గోడల క్రింది నేల ఒక్కసారి నానకుండా, ఒక్కసారి ఎండకుండా ఉంటుంది. ఈ ఒక్క పనితో సగం బీటలు శాంతించిన ఇండ్లు ఉన్నాయి.

చెట్టు కూడా చూడాలి. పెద్దచెట్టు వేసవిలో గోడ క్రింది చెమ్మను తాగేస్తుంది. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో అంత దూరంలో నాటాలన్నది మంచి లెక్క. అయితే ఇంటి ప్రక్కన ముప్పై ఏండ్ల వేపచెట్టును కోపంతో ఒక్కసారి నరికివేయడం కూడా తప్పే. అది తాగే నీరంతా ఇక నేలలోనే ఉండి ఆ చోట ఉబ్బుతుంది. చెట్టు కొట్టిన చోట గది కట్టాలంటే ఒక వానాకాలం పోనివ్వాలి.

కదలిక ఆగిన బీటను ఉలితో లోపలికంటా తెరచి, దుమ్ము దులిపి, తడిపి, సిమెంటు ఒక పాలు, సున్నం ఒక పాలు, ఇసుక ఆరు పాళ్ళు కలిపి నింపాలి. పాత సున్నపు గోడలో వట్టి సిమెంటు ఎక్కువ పాలు పెడితే అది గోడకంటె గట్టిదై, ప్రక్కన కొత్త బీట పుట్టిస్తుంది. పెద్ద బీటలకు కొన్ని వరుసలకొకసారి ఇటుకల నడుమ ఇనుపచువ్వలు అడ్డంగా వేసి కుట్టే పద్ధతి ఉన్నది. అది తెలిసిన ఇంజనీరు దగ్గర ఉండి చేయించవలసినది.

పాత ఇంటికి, కొత్త గదికి నడుమ బీట ప్రతి ఏటా తెరుచుకొంటుంటే దానిని మూయాలని పట్టు పట్టవద్దు. ఆ రెంటినీ విడదీయడమే మందు. దూర్చిన ఇటుకలు కోసి, పైనుండి క్రిందిదాకా అంగుళం సందు తీసి, మెత్తగా సాగే పదార్థంతో నింపి, పైన ఒకవైపు మాత్రమే బిగించిన పట్టీ కప్పుతారు. డాబా మీద వాననీరు దిగకుండా కప్పు వేరుగా చేయాలి. కొత్తగా గది కట్టేవారు మొదటినుండే ఈ సందు ఉంచుకొంటే ఖర్చు ఏమంత కాదు. బేస్‌మెంటులో పొలం నల్లమట్టి నింపకుండా ఇసుకో గ్రావెలో నింపండి. నల్లమట్టి లోపల నాని ఉబ్బితే గచ్చు లేస్తుంది, గోడలను బయటికి నెడుతుంది.

అన్నదమ్ముల గోడ

ఒక మాట చెప్పి ఆపుతాను. తండ్రి ఇల్లు ఇద్దరు కొడుకులకు పంచినప్పుడు నడిమి గోడ ఇద్దరిదీ. ఒకడు తన సగం పడగొట్టి డాబా వేస్తాడు. రెండేండ్లకు రెండోవాని గదిలో బీట పడుతుంది. నీ కట్టడంవల్లనే అని ఇతడు, నీ ఇల్లు ముందే పాతది అని అతడు. ఆడవాళ్ళ మధ్య మాటలు ఆగిపోతాయి, ఆదివారం ఒకే మందిరంలో చెరొక మూల కూర్చొంటారు. సంఘ పెద్దలు వచ్చి రాజీ చేయబోతే ఏ బీట ఎప్పటిదో చెప్పగలవారు ఉండరు.

కట్టడం మొదలుపెట్టక ముందు ఇద్దరూ కలిసి రెండు ఇండ్లూ చూడాలి. ఉన్న బీటలన్నింటికి ఫోటోలు తీసి, కొసల దగ్గర తేదీ వ్రాసి, ఒక కాగితం మీద ఎక్కడ ఎంత వెడల్పున ఉన్నదో రాసికొని ఇద్దరూ సంతకాలు చేయాలి. నడిమి గోడమీద కొత్త శ్లాబు ఆనించకుండా తన వైపు తన పిల్లర్లు వేసికొంటాడా, గోడకు ఎంత ఎడంగా పునాది త్రవ్వుతాడు, త్రవ్విన గొయ్యి ఎన్ని రోజులు తెరచి ఉంటుంది, మధ్య సందులో వాననీరు ఎవరి వైపు పోతుంది, ఇవి కూడా అందులోనే వ్రాసికొనవచ్చు. పాస్టరుగారో, సంఘ పెద్దో, ఊళ్ళో చదువుకొన్న ఇంజనీరు పిల్లవాడో సాక్షిగా ఉంటే మంచిది. రెండు ప్రతులు తీసి చెరొకటి ఇంటి పట్టాతో పాటు పెట్టెలో ఉంచుకోవాలి.